పాప అయాన్లంటోంది, మేం డేటా సైన్స్ అంటున్నాం

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా బుడితి, ఇత్తడి పని. పాప బీఎస్సీ ఫిజిక్స్ ఆఖరి ఏడాది. నెమ్మదిగా వచ్చే అయాన్లు లోహానికి తగిలితే ఎలక్ట్రాన్లు ఏమవుతాయో పరిశోధన చేస్తానంటోంది. మేం హైదరాబాద్‌లో డేటా సైన్స్ కోర్సుకి అడ్వాన్సు కట్టేద్దామనుకుంటున్నాం. ఏది మేలు?

జవాబు: అడ్వాన్సు కట్టకండి. ఈ ప్రశ్న నాకు తరచూ వస్తుంది. అయాన్ల చోట ఒకసారి నక్షత్రాలుంటాయి, ఒకసారి నాచు ఉంటుంది. డేటా సైన్స్ మాత్రం మారదు.

పాప చెప్పేది మీకే బాగా అర్థమవ్వాలి. సుత్తి ఎంత జోరుగా పడితే ఇత్తడి అంత సాగుతుంది. హీలియం అయాన్‌కి ఆ జోరు అక్కర్లేదు. అది అప్పులవాడి లాంటిది, నింపాదిగా నడిచొచ్చినా ఇంట్లో గగ్గోలే. దానికి ఒక ఎలక్ట్రాన్ తక్కువ. లోహం దగ్గరికి రాగానే ఒకదాన్ని లాక్కుంటుంది. ఆ లాగుడులో విడుదలైన శక్తి ఇంకో ఎలక్ట్రాన్‌కి అంది, అది బయటికి ఎగిరిపోతుంది. హీలియం దగ్గర 24.6 ఎలక్ట్రాన్ వోల్టులున్నాయి (ఇంత చిన్న శక్తిని కొలిచే కొలత ఇది). టంగ్‌స్టన్ నుంచి ఒక ఎలక్ట్రాన్‌ని ఊడదీయడానికి సుమారు 4.5 చాలు. రెండిటికి 9 పోయినా బోలెడు మిగులు. 1954లో హాగ్‌స్ట్రమ్ అనే భౌతిక శాస్త్రవేత్త ఈ సిద్ధాంతాన్ని వివరంగా రాశాడు. (సెకనుకు 20 కిలోమీటర్లు పోయేదాన్ని కూడా వీళ్లు నెమ్మది అంటారు!) ప్లాస్మాతో, అంటే అయాన్లూ ఎలక్ట్రాన్లూ విడివిడిగా తిరిగే వాయువుతో, కంప్యూటర్ చిప్పులు చెక్కేచోటా, ఫ్యూజన్ రియాక్టర్ గోడల దగ్గరా జరిగేది ఇలాంటిదే. గాంధీనగర్‌లో ప్లాస్మా పరిశోధన సంస్థ ఉంది.

ఇక మీ కోర్సు. పొలం కుదువపెట్టి అలాంటిదే చేసిన అబ్బాయి ఒకడు నా దగ్గరికొచ్చాడు. ప్రాజెక్టు అని చూపించింది వేరేవాళ్ల కోడ్. మీన్‌కీ మీడియన్‌కీ తేడా అడిగితే నీళ్లు నమిలాడు. సర్టిఫికెట్ మాత్రం లామినేషన్ చేయించుకున్నాడు. ఆ రంగం చెడ్డదని కాదు, లెక్కలు రాకుండా ఆరు నెలల్లో దాటించేస్తామనే మాట మీదే నాకు అనుమానం. ఈ అయాన్ల లెక్కలు చేసేవాళ్లు రోజంతా కంప్యూటర్ ముందే ఉంటారు. రేపు మనసు మారితే మీ పాప డేటా వైపు వెళ్లగలదు. అటునుంచి ఇటు రావడం కష్టం.

ఒక మాట అంటాను, కోపగించుకోకండి. ఇక్కడ కుదించి వేశాం గానీ, మీ ఉత్తరంలో పక్కింటి అబ్బాయి జీతం మూడుసార్లు రాశారు, పాప మార్కులు ఒక్కసారీ రాయలేదు. వీధిలో ఏం చెప్పుకోవాలన్నదే మీ టెన్షనైతే, దానికి పాపని బలిచేయకండి.

పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది, పర్మినెంట్ ఉద్యోగాలు తక్కువ. ఆ మాట దాచను. కానీ జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే నెలకి 37,000 రూపాయలు, పైన ఇంటద్దె భత్యం (హెచ్ఆర్ఏ). మీ మీద భారం పడదు. ఆ అడ్వాన్సు డబ్బుతో ఒక లాప్‌టాప్ కొనివ్వండి, ముందు ఎమ్మెస్సీలో చేరడానికి రాసే జామ్ పరీక్ష దరఖాస్తు గడువు దాటకుండా చూడండి.