పసుపు వెలిసిందని రంగుల పని మానుకోకు

చెల్లీ, కెమిస్ట్రీ డిగ్రీ అయ్యాక సహజ రంగుల పనిలోకి రావాలనుందనీ, పసుపుతో రంగు వేసిన నూలు చీర రెండు ఉతుకులకే వెలిసిందనీ కందుకూరు నుంచి రాశావు. ఇది కూడు పెడుతుందా అని టెన్షన్ పడకు. తప్పు నీ చేతిది కాదు, పసుపుది. అది ఎండకు నిలవదు.

దానిమ్మ తొక్కతో మొదలుపెట్టు, దాని రంగూ పసుపే. ముందు బట్టలోని గంజి పూర్తిగా పోయేలా ఉడికించాలి. తర్వాత కరక్కాయ నీళ్లలో నానబెట్టి ఆరబెట్టు. ఆపైన రంగును బట్టకు పట్టించే పటిక, కిలో బట్టకు 150 నుంచి 200 గ్రాములు. పట్టుకు పటిక ఒక్కటే చాలు గానీ, నూలుకు కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం తోడుంటేనే పటిక బాగా పట్టుకుంటుంది. మీ బోరు నీళ్లలో ఇనుముంటే ఈ పసుపు రంగు కాస్తా మసక ఆకుపచ్చకు తిరుగుతుంది. వాన నీళ్లు పట్టి చూడు.

రంగు వేసిన ముక్కను సగం అట్టతో కప్పి వారం ఎండలో పెట్టు. తేడా కనిపిస్తే ఆ రంగు అమ్మకానికి పెట్టొద్దు. ఈ విషయంలో నేను మొండిదాన్నే.

చదువుకైతే వెంకటగిరి చేనేత సంస్థలో మూడేళ్ల డిప్లొమా ఉంది. నన్నడిగితే ముందు కోవూరు దగ్గర పాటూరులో ఒక మగ్గం ఇంటికి నూలు రంగేసి ఇవ్వు. ఈసారి బట్ట తూకం, పటిక కొలత రాసి పెట్టు, చూసి చెప్తాను.