బాధ లేదంటున్న నాన్నగారికి పరీక్షలు అవసరమా?

హన్మకొండలో ఉంటున్న మీ నాన్నగారికి 54 ఏళ్లు నిండాయని, ఒంట్లో ఏ బాధా లేనప్పుడు పరీక్షలెందుకని ఆయన పట్టుబడుతున్నారని రాశారు. రక్తపోటు, చక్కెర వ్యాధి ఏళ్ల తరబడి ఏ లక్షణమూ చూపకుండానే గుండెను, మూత్రపిండాలను, కళ్లను దెబ్బతీయగలవు కనుక, బాధ లేదన్న మాటను ఆరోగ్యానికి రుజువుగా తీసుకోకండి.

30 ఏళ్లు దాటినవారికి ఈ రెండు పరీక్షలూ ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగానే చేస్తారు. బీపీ చూపించుకునే ముందు అరగంట పాటు టీ, బీడీ ముట్టకుండా, కుర్చీకి వెన్ను ఆనించి 5 నిమిషాలు మౌనంగా కూర్చోమనండి. మెట్లెక్కి వచ్చిన వెంటనే తీసిన అంకెను నేనైతే నమ్మను.

గత రెండు మూడు నెలల చక్కెర సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 శాతం మధ్య వస్తే, అది వ్యాధికి ముందు దశ. పరీక్షకూ నివారణకూ ముడి పడేది సరిగ్గా ఇక్కడే. అన్నం కొంత తగ్గించి, పప్పు, ఆకుకూరలు పెంచి, వారానికి 150 నిమిషాలు వడ్డేపల్లి చెరువు కట్ట మీద వేగంగా నడిస్తే, చాలామందిలో వ్యాధి వెనక్కి తగ్గుతుంది లేదా ఆలస్యమవుతుంది. రిపోర్టును బీరువాలో పెట్టేయకుండా డాక్టరుగారికి చూపించి, మళ్లీ ఎప్పుడు రావాలో అడిగి రాయించుకోండి.