వోల్వో అంటే బస్సే కదా సార్?

పోయిన సంచికలో కార్ల సేఫ్టీ గురించి రాస్తూ వోల్వో పేరు ఒక్కసారి ఎత్తాను, అంతే. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే, అదీ ఎక్కువగా బెంగళూరు నుంచే. అందుకని ఈ సంచిక మొత్తం వాటికే ఇచ్చేస్తున్నా. మారుతి, హ్యుందాయ్ వాళ్ళు ఒక్క నెల ఓపిక పట్టండి.

ప్రశ్న: సార్, మాది అనంతపురం, ఉద్యోగం వల్ల మారతహళ్లిలో ఉంటున్నాం. మా మేనేజర్ కొత్తగా వోల్వో కొన్నాడని అమ్మకి ఫోన్లో చెప్తే "ట్రావెల్స్ పెట్టాడా ఏంట్రా" అంది. నవ్వేశాను గానీ ఆ బస్సు కంపెనీ ఈ కారు కంపెనీ ఒకటేనా కాదా నాకూ తెలీదు.

జవాబు: అమ్మగారిని తప్పు పట్టడానికేం లేదండీ. మనవాళ్ళకి వోల్వో అంటే మడివాళలోనో ఆనందరావు సర్కిల్ దగ్గరో రాత్రి ఎక్కి పొద్దున్నే హైదరాబాద్‌లో దిగే ఏసీ బస్సు. అది వేరే కంపెనీ బస్సైనా సరే, చల్లగా ఉండి సీటు వెనక్కి వాలితే చాలు, వోల్వోనే.

అసలు సంగతి ఏంటంటే, ఒకప్పుడు రెండూ ఒకటే, 1999 నుంచి వేరు. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ అని ఓడరేవు ఊరు, అక్కడ ఎస్‌కేఎఫ్ అనే బాల్ బేరింగుల కంపెనీ ఉంది (మన మెకానిక్ షాపుల్లో ఇప్పటికీ ఆ పేరు వినిపిస్తుంది). దాంట్లో సేల్స్ చూసే అస్సార్ గాబ్రియెల్సన్, అంతకుముందు అక్కడే పనిచేసిన ఇంజనీర్ గుస్తాఫ్ లార్సన్ 1924 ఆగస్టులో స్టాక్‌హోమ్‌లో ఒక రెస్టారెంట్లో కూర్చుని క్రేఫిష్ తింటూ, మనమే ఒక కారు ఎందుకు చెయ్యకూడదు అనుకున్నారు. ఒకాయనకి లెక్కలు తెలుసు, ఒకాయనకి బండి తెలుసు. ఎస్‌కేఎఫ్ వాళ్ళే డబ్బు పెట్టారు, వాడకుండా మూల పడున్న వోల్వో అనే పేరు కూడా ఇచ్చారు. 1927 ఏప్రిల్ 14న మొదటి కారు ఫ్యాక్టరీ గేటు దాటింది. దాని మీద ఒక కథ చెప్తారు, ముందు రోజు రాత్రి పరీక్షిస్తే గేరు వెయ్యగానే బండి వెనక్కి పోయిందట, వెనక ఇరుసులో పళ్ళచక్రం తిరగేసి బిగించారని అప్పుడు తెలిసిందట. ఇంకో తమాషా ఏంటంటే అది టాప్ లేని కారు, స్వీడన్ చలికి టాప్ లేని కారు ఎవరు కొంటారు చెప్పండి, పైకప్పు ఉన్నది కూడా చేశారు గానీ మొదటి ఏడాది మొత్తం కలిపి అమ్మింది 297 బళ్ళే. 1928లో లారీ చేస్తే అది మాత్రం టకటకా అమ్ముడైంది. అంటే కార్ల కంపెనీని కొన్నేళ్ళు సాకింది లారీలే, కాబట్టి వోల్వో అనగానే పెద్ద బండి గుర్తొచ్చే మీ అమ్మగారి లెక్క స్వీడన్‌లో కూడా పూర్తిగా తప్పేం కాదు.

1999లో కార్ల భాగాన్ని ఫోర్డ్‌కి 645 కోట్ల డాలర్లకి అమ్మేశారు. లారీలు, బస్సులు, రోడ్డు పనుల మెషిన్లు పాత కంపెనీ దగ్గరే ఉండిపోయాయి. పేరు మాత్రం ఇద్దరిదీ, దాన్ని చూసుకోడానికి చెరి సగం వాటాతో ఒక కంపెనీ పెట్టుకున్నారు. నాకు నచ్చే ముక్క ఏంటంటే, మన హొసకోటెలో వోల్వో లారీల ఫ్యాక్టరీ 1998లోనే వచ్చింది, తర్వాత బస్సులు, 2017లో కార్ల కంపెనీ ఇక్కడ బిగింపు మొదలుపెట్టాలనుకున్నప్పుడు వేరే స్థలం వెతక్కుండా ఆ పాత కంపెనీ ఆవరణలోనే చోటు తీసుకుంది. వేరు కాపురం పెట్టి పద్దెనిమిదేళ్ళ తర్వాత మళ్ళీ ఒకే వాకిట్లోకి వచ్చిన అన్నదమ్ములన్నమాట. మీ మేనేజర్ గారిది ఇక్కడ బిగించిన మోడలే అయితే ఆ కారు మీ ఊరి పక్కనే పుట్టినట్టు.

ప్రశ్న: నేను రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్ని బాబూ, కొడుకు దగ్గర కె.ఆర్.పురంలో ఉంటున్నా. చివర్లో గరుడ (ఆర్టీసీ వోల్వో ఏసీ బస్సు) నడిపాను. ముందు నడిపిన బళ్ళకీ దానికీ అంత తేడా ఎందుకుండేది? అంత మంచి బండైతే పాలెం దగ్గర అలా ఎందుకు కాలిపోయింది?

జవాబు: మీరు స్టీరింగ్ పట్టుకుని చూసింది నేను కాగితం మీద చెప్పడం కొంచెం సిగ్గుగానే ఉంది పెద్దాయనా. అప్పటిదాకా మన బస్సులు చాలామటుకు లారీ ఛాసిస్ మీద బాడీ కట్టినవే, ఇంజన్ డ్రైవర్ పక్కనే, ఆ వేడి, ఆ మోత అంతా మీ ఎడమ మోకాలికే తెలుసు. కింద కమాన్ కట్టలు, గుంతలో పడితే వెనక సీటు వాళ్ళ తల పైకప్పుకి తగిలేది. 2001లో వోల్వో తెచ్చిన బీ7ఆర్ మొదటినుంచీ బస్సు కోసమే చేసిన బండి. 7 లీటర్ల ఇంజన్ వెనక పెట్టారు, కింద కమాన్లకి బదులు గాలి తిత్తులు, ఇంజన్ వెనక్కి పోయేసరికి ముందంతా చప్పుడు లేదు, ఫ్లోర్ కింద లగేజీకి బోలెడంత చోటు. ధర చూసి ట్రావెల్స్ వాళ్ళు మొదట్లో గుండెలు బాదుకున్నారు, తర్వాత టికెట్ ఎక్కువైనా జనం అదే అడుగుతున్నారని తెలిశాక క్యూ కట్టారు. బెంగళూరులో బీఎంటీసీ సిటీ బస్సుకే వోల్వో పెట్టింది, కారున్నవాళ్ళు కూడా అది ఎక్కి ఆఫీసుకి పోయారు, అది మాత్రం గొప్పే.

పాలెం సంగతి. 2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున, బెంగళూరు నుంచి హైదరాబాద్ పోతున్న బస్సు, 45 మంది పోయారు. కల్వర్టు గోడకి కొట్టుకుని డీజిల్ ట్యాంక్ పగిలి మంటలు లేచాయి, నిద్రలో ఉన్నవాళ్ళకి లేచి తేరుకునే టైం కూడా దొరకలేదు. మెత్తటి సీటు వేరు, మంటల్లోంచి బయటపడే దారి వేరు, వోల్వో అనే పేరు చూసి రెండోది కూడా ఉన్నట్టే అనుకున్నాం మనం. ఇప్పటికీ రాత్రి బస్సు ఎక్కితే నేను మొదట చూసేది ఎమర్జెన్సీ తలుపు ఎక్కడ, అద్దం పగలగొట్టే సుత్తి హుక్కుకి ఉందా లేదా అని. చాలాసార్లు హుక్కు మాత్రమే ఉంటుంది.

ప్రశ్న: వైట్‌ఫీల్డ్ నుంచి. వోల్వో ఎక్స్‌సీ60 కారు తీసుకుందామనుకుంటే మా బావగారు "అది చైనా కారు, స్వీడన్ అని చెప్పి అమ్ముతారు" అంటున్నారు. నిజమా?

జవాబు: సగం నిజం, బావగార్లు సాధారణంగా అంతే. 1993లో రెనోతో కలిసిపోవాలని చూశారు, వాటాదార్లు, మేనేజర్లు ఎదురు తిరిగితే అది ఆగిపోయి ఛైర్మన్ గిలెన్‌హామర్ రాజీనామా చేశాడు. తర్వాత 1999లో ఫోర్డ్, 2008 మాంద్యంలో ఫోర్డ్‌కే డబ్బు కటకట, 2010లో చైనాకి చెందిన గీలీ కొనేసింది, ఒప్పందం 180 కోట్ల డాలర్లకి. 645 ఎక్కడ 180 ఎక్కడ. అప్పుడు అందరూ పెదవి విరిచారు, ఇంక చవక ప్లాస్టిక్ వస్తుందని. గీలీ యజమాని లీ షుఫు డబ్బు పెట్టాడు గానీ కంపెనీని గోథెన్‌బర్గ్‌లోనే ఉంచాడు, డిజైన్, ఇంజనీరింగ్ అక్కడే జరగనిచ్చాడు. ఆ డబ్బుతో సొంత ప్లాట్‌ఫాం (కారు మొత్తం దేని మీద కడతారో ఆ అడుగు నిర్మాణం), సొంత 2 లీటర్ల ఇంజన్లు చేసుకుని 2014లో కొత్త ఎక్స్‌సీ90 చూపించారు, ఫోర్డ్ చేతిలో ఉన్నప్పటి బళ్ళకంటే అదే ఎక్కువ వోల్వోలా ఉందని నా అభిప్రాయం. మీరు చూస్తున్న ఎక్స్‌సీ60 దాని తమ్ముడే. బావగారికి ఇంకో ముక్క కూడా చెప్పండి, 2017 చివర్లో గీలీ ఆ లారీలు, బస్సుల వోల్వోలో కూడా కొంత వాటా కొన్నది. చైనా అని కారు మానేసి బస్సెక్కినా పెద్ద తేడా లేదని.

ప్రశ్న: సీట్ బెల్ట్ కనిపెట్టి ప్రపంచానికి ఫ్రీగా ఇచ్చేశారని వాట్సాప్‌లో చదివా. అవి మామూలుగా అబద్ధాలే ఉంటాయి కదా. – ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: ఇది నిజమే, కాకపోతే బెల్ట్ అంతకుముందే ఉంది. పొట్టకి అడ్డంగా కట్టే పట్టీ, గట్టిగా గుద్దితే అదే పేగుల్ని నలిపేది. 1958లో వోల్వోలో చేరిన నిల్స్ బోలిన్ అంతకుముందు సాబ్‌లో యుద్ధ విమానాల పైలట్‌ని సీటుతో సహా పైకి ఎగరేసే ఏర్పాటు మీద పనిచేశాడు. పైలట్ ఎన్ని పట్టీలైనా ఓపిగ్గా కట్టుకుంటాడు, కూరగాయలకి పోయేవాడు కట్టుకోడు, ఆయనకి అర్థమైంది అదే. అందుకే ఒక్క చేత్తో లాగి ఒక్క చోట నొక్కేలా చేశాడు, ఒక పట్టీ ఛాతీ మీదుగా, ఒకటి తుంటి ఎముక మీదుగా, రెండూ సీటు పక్కన కింద ఒకేచోట కలుస్తాయి, కాబట్టి దెబ్బ బలం పొట్ట మీద పడకుండా గట్టి ఎముకల మీద పంచుకుంటుంది. 1959 ఆగస్టు 13న ఈ బెల్ట్ ఉన్న మొదటి కారు డీలర్‌కి చేరింది. పేటెంట్ తీసుకున్నారు గానీ ఎవరైనా వాడుకోండని వదిలేశారు. పట్టుకుని కూర్చుంటే ప్రతి కారు కంపెనీ దగ్గరా వసూలు చేసుకునేవాళ్ళు.

అక్కడితో ఆగలేదు, 1967లో 28,000 యాక్సిడెంట్ల లెక్కలు తీసి చూపించారు, గంటకి 60 మైళ్ళ లోపు, అంటే సుమారు 96 కిలోమీటర్ల లోపు ప్రమాదాల్లో బెల్ట్ పెట్టుకున్నవాళ్ళు ఒక్కరూ చనిపోలేదు, పెట్టుకోనివాళ్ళు మాత్రం తక్కువ వేగంలో కూడా పోయారు. 1970 నుంచి వాళ్ళకి ఒక టీం ఉంది, గోథెన్‌బర్గ్ చుట్టుపక్కల వోల్వోకి యాక్సిడెంట్ అయితే వాళ్ళే వెళ్ళి ఏది ఎలా విరిగిందో కొలుచుకొస్తారు. నా దృష్టిలో ఈ కంపెనీ అసలు సరుకు ఇదే, కారు దాని చుట్టూ కట్టిన డబ్బా. ఇక్కడ మనం ఏం చేస్తున్నామంటే బీప్ రాకుండా ఉత్త క్లిప్పు ఒకటి కొని దూర్చేస్తున్నాం. వెనక సీట్లో అయితే బెల్ట్ కవర్ల కిందే పడుంటుంది, పెట్టుకోమంటే "సిల్క్ బోర్డ్ దాకే కదా" అంటారు.

ప్రశ్న: నేను తొమ్మిదో క్లాస్. ఒకే కారుని అందరికంటే ఎక్కువ దూరం నడిపింది ఎవరు అంకుల్?

జవాబు: ఇర్వ్ గోర్డన్ అని అమెరికాలో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో ఒక స్కూల్ మాస్టారు. 1966లో ఎర్ర వోల్వో పీ1800 కొన్నాడు, 2013లో అలాస్కాలో దాని మీటరు లెక్క 30 లక్షల మైళ్ళు దాటింది, కిలోమీటర్లలో 48 లక్షల పైమాటే. రహస్యం ఏంటని అడిగితే మాన్యువల్ చదివి అందులో ఉన్నట్టు చేశానని చెప్పేవాడు. మీ నాన్న కారు మాన్యువల్ డ్యాష్‌బోర్డ్ సొరుగులో కవర్ కూడా విప్పకుండా ఉందేమో చూసి నాకు రాయి.

ప్రశ్న: మా ఆయన ఏడెనిమిదేళ్ళ పాత ఎస్60 డీజిల్ కొంటానంటున్నారు. ఆ డబ్బుకి కొత్త కారే వస్తుంది కదండీ. దాంట్లో అంత ఏముందో నాకు అర్థం కావట్లేదు, చూడ్డానికి కూడా గొప్పగా లేదు. – బీటీఎం లేఔట్

జవాబు: చూడ్డానికి గొప్పగా లేకపోవడమే ఆ కారు మోజున్నవాళ్ళకి నచ్చేది అమ్మా. 240 అని పెట్టెలాంటి మోడల్ ఒకటి ఉండేది, 1974 నుంచి 1993 దాకా దాదాపు అదే ఆకారంలో 28 లక్షలు చేశారు, లెక్చరర్లూ డాక్టర్లూ పిల్లల తల్లులూ కొనుక్కుని ఇరవయ్యేళ్ళు నడిపారు. వోల్వోవాళ్ళు పక్కింటివాళ్ళ కోసం కారు కొనరని ఒక పేరు. మీవారిని ఒక గంట దాని సీట్లో కూర్చోబెట్టి మీరూ పక్కన కూర్చోండి, ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో నడుం నొప్పి రాకపోతే ఆయన వాదనకి సగం బలం వచ్చినట్టే, ఆ సీట్లు నిజంగానే అంత బాగుంటాయి.

ఇంక మీ వైపు వాదన. సర్వీస్ సెంటర్లు తక్కువ, బెంగళూరులో పర్లేదు గానీ మీరు కడపకో నెల్లూరుకో పోతుంటే దారిలో ఆగితే టో చేయించుకోవడమే. పార్టులు ఖరీదు, కొన్ని బయటినుంచి రావాలి. కొనేముందు సర్వీస్ చరిత్ర మొత్తం అడగండి, ఇంజన్‌లో ఉండే టైమింగ్ బెల్ట్ మార్చారా లేదా అని ప్రత్యేకంగా అడగండి, అది తెగితే ఇంజనే పోతుంది. ముందు అద్దం మార్చి ఉంటే ఆ అద్దం వెనకే ఉండే కెమెరాని మళ్ళీ సరిచేయించారో లేదో చూడాలి, లేకపోతే దానంతటది బ్రేక్ వేసే ఏర్పాటు తప్పుగా చూస్తుంది. వానల్లో బెళ్ళందూరు వైపు నీళ్ళలో నిలబడ్డ బండి అయితే ఎంత చవకైనా వద్దు, కార్పెట్ ఎత్తి వాసన చూడండి. కింద ఎత్తు తక్కువ, మీ వీధి హంపులు ఎలాంటివో మీకే తెలుసు. ఇంట్లో ఇంకో బండి ఉంటే కొనుక్కోనివ్వండి, రోజూ పిల్లల్ని స్కూల్లో దింపాల్సింది ఈ ఒక్క కారే అయితే మాత్రం నా ఓటు మీకే.

ప్రశ్న: కొత్త వోల్వోలు గంటకి 180 కిలోమీటర్లు దాటవంట. అంత డబ్బు పెట్టి 180 ఏంటి సార్? – హెబ్బాళ

జవాబు: నిజమే, 2020 నుంచి కంపెనీయే ఆ హద్దు పెట్టింది. హెబ్బాళ ఫ్లైఓవర్ మీద మీరు 40 దాటిన రోజు మళ్ళీ రాయండి, అప్పుడు 180 గురించి మాట్లాడుకుందాం.