అద్దాల ఫిల్ముల పనికి బీటెక్ అబ్బాయిని పంపవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం. ఆఫీసు భవనాల అద్దాలకు ఎండ వేడిని ఆపే ఫిల్ములు వేసే హైదరాబాద్ సంస్థ ఒకటి వేసవిలో ఇంటర్న్‌షిప్‌కు రమ్మంది. స్టిక్కర్లు అంటించే పనికి ఇంజినీరింగ్ చదువు ఎందుకని మా సందేహం. పంపమంటారా?
- ఓ తండ్రి, నంద్యాల

జవాబు: తప్పకుండా పంపండి. కాకపోతే అంటించడం దగ్గరే ఆగిపోకూడదు. ఏ అద్దానికి ఏ ఫిల్మ్ వేస్తే ఏసీ లోడ్ ఎంత తగ్గుతుందో, ఏది వేస్తే అద్దం పగులుతుందో లెక్కకట్టి చెప్పడమే ఇంజినీరు పని.

నేలను చేరే సూర్యశక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలే. మామూలు నల్ల ఫిల్మ్ వెలుతురును కూడా ఆపేస్తుంది, దాంతో పగలే లైట్లు వేసుకోవాలి. సెలక్టివ్ ఫిల్మ్‌లో పాలియెస్టర్ పొర మీద అతి పల్చటి వెండి, లోహ ఆక్సైడ్ పూతలుంటాయి. అవి వెలుతురును రానిచ్చి పరారుణాన్ని తిప్పికొడతాయి. వచ్చే వెలుతురు వంతును వీఎల్‌టీ అని, లోపలికి చేరే ఎండ వేడి వంతును ఎస్‌హెచ్‌జీసీ అని అంటారు. రెండూ కలిపి చూస్తేనే ఫిల్మ్ సంగతి తెలుస్తుంది.

6 మి.మీ. సాదా అద్దానికి ఎస్‌హెచ్‌జీసీ సుమారు 0.82. ఫిల్మ్ వేశాక 0.45కు దిగిందనుకుందాం. పడమటి వైపు 300 చదరపు మీటర్ల అద్దం, దాని మీద చదరపు మీటరుకు 600 వాట్ల సాయంత్రపు ఎండ. తేడా 0.37. 0.37 × 600 × 300 అంటే 66,600 వాట్ల వేడి ఆగినట్టు. ఒక టన్ను ఏసీ అంటే 3,517 వాట్లు కాబట్టి ఆ సమయంలో దాదాపు 19 టన్నుల లోడ్ తగ్గింది. వేసవి మధ్యాహ్నం హైదరాబాద్‌లో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, దక్షిణపు అద్దం మీద నేరుగా ఎండ పెద్దగా పడదు. అందుకే దక్షిణం కన్నా ముందు పడమర, తూర్పు అద్దాల సంగతి చూడాలి.

పగుళ్ల విషయం మాత్రం మీవాడు బాగా వంటబట్టించుకోవాలి. వేడిని పీల్చుకునే రకం ఫిల్మ్ వేస్తే అద్దం నడిమి భాగం కాగుతుంది, ఫ్రేమ్‌లో ఉన్న అంచు చల్లగానే ఉంటుంది. ఆ తేడాకు అంచున ఉన్న చిన్న గాటు నుంచి పగులు పాకుతుంది. టెంపర్ చేయని (వేడిచేసి గట్టిపరచని) అద్దం, సగం నీడ పడే కిటికీ, డబుల్ గ్లేజింగ్ (రెండు పొరల అద్దం) ఉన్నచోట ఈ ప్రమాదం ఎక్కువ. ఏ అద్దానికి ఏ ఫిల్మ్ పనికొస్తుందో తయారీదారు పట్టిక ఇస్తారు. అది చూడకుండా ధర చెప్పడం తప్పు.

చేత్తో అంటించడమూ నేర్చుకోవాలి. బ్లేడుతో గీకి శుభ్రం చేసి, కొన్ని చుక్కల బేబీ షాంపూ కలిపిన నీళ్లు చల్లి, ఫిల్మ్ పరిచి, స్క్వీజీతో (రబ్బరు అంచున్న పలకతో) నీటిని మధ్య నుంచి అంచులకు నెట్టాలి. ఫ్రేమ్ పక్కన 1-2 మి.మీ. ఖాళీ వదలకపోతే అంచు లేస్తుంది, తేమ చేరి వెండి పూత పాడవుతుంది. చిన్న నీటి బుడగలు కొన్ని వారాల్లో ఆరిపోతాయి, లోపల చిక్కిన దుమ్ము మాత్రం పోదు.

ఒక పరిమితి ఉంది. వాణిజ్య భవనాల ఇంధన పొదుపు నియమావళి అయిన ఈసీబీసీ 2017 ప్రకారం హైదరాబాద్ వాతావరణంలో ఉత్తరం కాని దిక్కుల అద్దానికి ఎస్‌హెచ్‌జీసీ 0.27 మించకూడదు. కాబట్టి కొత్త వాణిజ్య భవనాలకు ఫ్యాక్టరీలోనే పూత వేసిన డబుల్ గ్లేజింగ్ వాడతారు. ఫిల్ముల పని ఎక్కువగా పాత భవనాల్లోనే. ఫిల్ములు, పూత వేసిన అద్దాలు రెండూ తెలిస్తేనే ఈ రంగంలో నిలకడ ఉంటుంది. అందుకు అద్దాల గుణాలను లెక్కకట్టే విండో, భవనం మొత్తం ఇంధన వాడకాన్ని లెక్కకట్టే ఎనర్జీప్లస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఇప్పుడే మొదలుపెట్టమనండి. పై చదువుకు హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో బిల్డింగ్ సైన్స్ పరిశోధన, అహ్మదాబాద్ సెప్ట్ విశ్వవిద్యాలయంలో ఇదే రంగంలో పీజీ కోర్సు ఉన్నాయి. ఉద్యోగ అనుభవం వచ్చాక కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ పెట్టే ఎనర్జీ ఆడిటర్ పరీక్ష రాయవచ్చు.

చేరేముందు ఆ సంస్థను ఒకటి అడగండి: సైట్ సర్వేకు, ఫిల్మ్ వేయకముందూ వేశాకా తీసే కొలతలకు మీవాణ్ని తీసుకెళ్తారా? కాదంటే ఇంకో సంస్థ చూడండి.