తంగేడు పూల వ్యాసం గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

తంగేడు పూల సారం ప్రయోగశాలలో మొండి బ్యాక్టీరియాను ఆపిందంటూ నువ్వు రాసిన వ్యాసం చదివాను. వాక్యం సాఫీగా నడిచింది. శీర్షిక మాత్రం మార్చు. ‘మొండి బ్యాక్టీరియాకు తంగేడుతో చెక్’ అని చూసి, బిడ్డకు జ్వరం తగ్గక ఆస్పత్రికి బయలుదేరిన తల్లి ఆగిపోయి పూలు మరిగించవచ్చు. నా భయమంతా అదే. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019 ఒక్క ఏడాదిలోనే ప్రపంచంలో దాదాపు 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా.

ప్రయోగం ఎలా జరుగుతుందో ముందు పాఠకుడికి చూపించు. పూలను నీడన ఆరబెట్టి, పొడి కొట్టి, మిథనాల్ అనే ద్రావణిలో నానబెట్టి, వడగట్టి సారం తీస్తారు. బ్యాక్టీరియా పెరిగే జెల్లీ లాంటి అగార్ పోసిన పళ్లెం నిండా స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియాను పూసి, సారం ఇంకిన చిన్న కాగితపు బిళ్లను దాని మీద పెట్టి, 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచుతారు. పొద్దున చూస్తే బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా మొలవని వలయం. నువ్వు ఆ వలయం వెడల్పు చూసి మురిసిపోయావు. అయితే సారంలోని పదార్థం అగార్‌లో ఎంత సులువుగా పాకుతుందన్నదాన్ని బట్టి కూడా వెడల్పు మారుతుంది. నూనె స్వభావం ఉన్న పదార్థం బ్యాక్టీరియాను ఎంత బలంగా చంపేదైనా బిళ్ల దగ్గరే ఆగిపోతుంది.

అందుకే కనీస నిరోధక గాఢత, అంటే బ్యాక్టీరియా పెరగకుండా ఆపడానికి కావలసిన అతి తక్కువ మోతాదు, ఎంతో అడిగి రాయి. మంచి యాంటీబయాటిక్ మిల్లీలీటరుకు కొద్ది మైక్రోగ్రాములతో పనిచేస్తుంది. ముడి సారాలకు చాలాసార్లు మిల్లీగ్రాములు కావాలి, అంటే వెయ్యి రెట్లు. వలయం మిథనాల్ వల్లే రాలేదని తేల్చడానికి వట్టి మిథనాల్ బిళ్ల కూడా పెట్టి చూశారా? స్టెఫైలోకాకస్ లొంగినంత మాత్రాన, అదనపు బయటి పొర ఉన్న క్లెబ్సియెల్లా అనే మరో బ్యాక్టీరియా కూడా లొంగుతుందని అనుకోలేం.

తంగేడు చెక్కతో మనవాళ్లు తోళ్లు పదును చేసేవారు కదా. ఆ పని చేసేవి టానిన్లు, అవి పూలలోనూ ఉంటాయి. టానిన్లు దొరికిన ప్రోటీన్‌నల్లా పట్టేస్తాయి, అది బ్యాక్టీరియాదా మనదా అని చూడవు. పళ్లెంలో కనిపించిన బలం ప్రోటీన్లు నిండిన రక్తంలో నిలుస్తుందా? నీ వ్యాసంలో అసలు ప్రశ్న ఇదే, అదే లేదు.

బతుకమ్మ పూలు చెరువును శుద్ధి చేస్తాయన్న వాక్యం తీసెయ్. పళ్లెంలో వాడిన గాఢతకూ చెరువు నీటికీ పొంతన లేదు. ఆ పండుగకు ప్రయోగశాల సాక్ష్యం అవసరమూ లేదు.

మొక్కల నుంచి మందులు రావని నేననను. చైనాలో తు యుయు 1971లో మాచిపత్రి జాతి మొక్క సారాన్ని వేడి తగ్గించి ఈథర్‌తో తీశాకే మలేరియా మీద గట్టి ఫలితం కనిపించింది. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. కాబట్టి సారం ఏ ద్రావణిలో, ఎంత వేడిలో తీశారో తప్పక రాయి.

మనిషి కణాల మీద పరీక్షించారో లేదో ఆ పరిశోధకులకే ఫోను చేసి అడుగు. జవాబు వచ్చాకే వ్యాసం పత్రికకు పంపు.