టెక్ సందేహాలు: చిన్న రైలుబస్సు, పెద్ద తలనొప్పి

ప్రశ్న: జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడి పాత ఎర్ర రైలుబస్సు నమూనాను ఎన్ స్కేల్‌లో (అసలు బండిలో 160వ వంతు) కొని డిజిటల్ డీకోడర్ (పట్టాల గుండా వచ్చే ఆదేశాలను అందుకుని మోటారును నడిపే చిప్పు) పెట్టించాను. అంతకుముందు బాగానే నడిచేది. ఇప్పుడు నెమ్మదిగా వెళ్తే చాలు, ఆగిపోతోంది. లైట్లు మినుకుమంటున్నాయి. వేలితో తోస్తే కదులుతుంది. ఇంకా ఖరీదైన డీకోడర్ కొనాలా? (స్టుట్‌గార్ట్ పాఠకుడు)

వద్దు. డబ్బు జేబులోనే ఉంచుకోండి. మీ డీకోడర్‌లో లోపం ఉన్నట్టు లేదు, దానికి కరెంటే సరిగా అందడం లేదు.

మీ దగ్గర ఉన్నది ఊర్డింగెన్ రైలుబస్సు అయి ఉండాలి. తొలి బండ్లు 1950లో వచ్చాయి. ఆవిరి ఇంజన్ నడిపితే గిట్టుబాటు కాని పల్లె మార్గాల కోసం, బస్సు పద్ధతిలో తేలిగ్గా, రెండే ఇరుసులతో కట్టారు. చిక్కంతా ఆ పొదుపులోనే ఉంది. వీటీ 98 రకం పొడవు దాదాపు 14 మీటర్లు, ఇరుసుల మధ్య దూరం 6 మీటర్లు. ఎన్ స్కేల్ అంటే 1:160 కాబట్టి నమూనా పొడవు 87 మిల్లీమీటర్లు, ఇరుసుల ఎడం 37.5. పెద్ద ఇంజన్ ఎనిమిది, పన్నెండు చక్రాలతో పట్టాల నుంచి కరెంటు తీసుకుంటుంది. మీ బస్సుకు ఉన్నవి నాలుగే, అంటే ఒక్కో పట్టా మీద రెండు. పైగా బరువు లేదు. ఒక చక్రం పట్టాలు చీలే చోట ప్లాస్టిక్ ముక్క మీదకు ఎక్కి, అదే వైపున్న రెండోది మురికి మీద ఉంటే సర్క్యూట్ తెగినట్టే.

మరి డీకోడర్ లేనప్పుడు ఎందుకు నడిచింది? మామూలు మోటారుకు క్షణం పాటు కరెంటు పోయినా ఉన్న ఊపుతో ఆ చోటు దాటేస్తుంది. డీకోడర్ మాత్రం చిన్న కంప్యూటర్. కరెంటు తెగితే ఆగి మళ్లీ మొదలవుతుంది. మూడో సీవీలో (సీవీ అంటే డీకోడర్‌లో అంకెగా దాచుకునే సెట్టింగు) నెమ్మదిగా వేగం పుంజుకోమని పెద్ద అంకె ఇచ్చి ఉంటే, ప్రతిసారీ సున్నా నుంచి ఎత్తుకుంటుంది. ఆ లోపల బండి మురికి మీదే నిలిచిపోతుంది.

ముందుగా బండిని తిరగేసి చక్రాలు చూడండి. ఏదైనా చక్రానికి సన్నని రబ్బరు పట్టీ ఉందా? అది పట్టు కోసం పెట్టినది, దాని గుండా కరెంటు రాదు. అంటే మీకున్న నాలుగింటిలో ఒకటి పోయింది. రైలుబస్సు లాగేది మహా అయితే ఒక తోక పెట్టె. రబ్బరు లేని ఇరుసు దొరికితే మార్చేయండి. తర్వాత పట్టా మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన టిష్యూ కాగితం పరిచి, ఒక ఇరుసును దాని మీద, రెండోదాన్ని ఉత్త పట్టా మీద ఉంచి, బండిని పట్టుకుని మోటారు తిప్పండి. కాగితం మీద రెండు నల్లటి చారలు పడతాయి. చారలు రావడం ఆగేవరకు కాగితం మారుస్తూ ఉండండి. గరుకు కాగితంతో మాత్రం రుద్దకండి. పడిన గీతల్లోనే మళ్లీ మురికి చేరుతుంది.

ఇవన్నీ చేశాకే, కరెంటు తెగిన క్షణంలో డీకోడర్‌ను ఆదుకునే కెపాసిటర్. 25 వోల్టుల టాంటలమ్ రకం చిన్నవి నాలుగైదు సమాంతరంగా కలిపి కిటికీల కింది అంచు దాటకుండా సీట్ల అడుగున సర్దవచ్చు. డీకోడర్ నీలం తీగకూ, గ్రౌండ్ బిందువుకూ మధ్యనే కలపాలి, పట్టాల తీగలకు ఎంతమాత్రం కాదు. నిండేటప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగకుండా 100 ఓమ్‌ల రెసిస్టర్, విడుదలయ్యేటప్పుడు అది అడ్డు రాకుండా దానికి సమాంతరంగా ఒక డయోడ్ వేయించండి. 29వ సీవీలో 6 ఉంటే 2 చేయండి. మామూలు కరెంటుతో నడిచే సదుపాయం ఆగిపోతుంది, బండి ఉన్నట్టుండి పరుగెత్తే ప్రమాదం తగ్గుతుంది.

ప్రశ్న: డిజిటల్ కంట్రోలర్ల ధర చూస్తే గుండె ఆగుతోంది. చవకగా మార్గం ఉందా? (హైదరాబాద్)

ఉంది. డీసీసీ-ఈఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఆర్డ్యుయినో మెగా అనే చిన్న కంప్యూటర్ బోర్డులోకి ఎక్కించి, పైన పట్టాలకు కరెంటు పంపే మోటార్ షీల్డ్ అనే బోర్డు బిగిస్తే కంట్రోలర్ తయారు. బండిని నడపడానికి కంప్యూటర్లో జేఎంఆర్ఐ ప్రోగ్రామ్, ఆండ్రాయిడ్ ఫోనులో ఇంజన్ డ్రైవర్ యాప్, రెండూ ఉచితమే. ఆర్3 రకం షీల్డ్ అయితే ‘విన్ కనెక్ట్’ అనే చోట ఉన్న సన్నని రాగి గీతను బ్లేడుతో తెంపండి. లేదంటే పట్టాలకు ఇచ్చే వోల్టేజీ కింది బోర్డులోకీ చొరబడుతుంది.

డీకోడర్ సీవీ విలువలు చదవబోతే జవాబు రాకపోతే కంగారు పడకండి. డీకోడర్ మోటారును 6 మిల్లీసెకన్ల పాటు కదిపి, అదనంగా 60 మిల్లీఆంపియర్లు లాగి ‘అవును’ అంటుంది. ఎన్ స్కేల్ బుల్లి మోటారు అంత లాగలేకపోవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో ఆ పరిమితిని తగ్గించండి. చదవలేకపోయినా రాయడం చాలాసార్లు జరిగిపోతుంది.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో మార్క్లిన్ కంపెనీ హెచ్ఓ (1:87 స్కేల్) రైలుబస్సు చవకగా వస్తోంది. నా రెండు పట్టాల లైను మీద నడుస్తుందా? (విజయవాడ)

నడవదు. మార్క్లిన్ పద్ధతిలో బండి అడుగున ఉండే పొడవాటి రేకు, పట్టాల మధ్యనున్న బొడిపెల నుంచి కరెంటు తీసుకుంటుంది. రెండు వైపుల చక్రాలూ విద్యుత్‌పరంగా కలిసే ఉంటాయి. మీ లైను మీద పెట్టిన మరుక్షణం షార్ట్ సర్క్యూట్.

ప్రశ్న: మా కాకినాడ–కోటిపల్లి రైలుబస్సును నమూనాగా కట్టాలని ఉంది. ఏ స్కేల్? (రామచంద్రపురం)

ముందు గేజ్ (రెండు పట్టాల మధ్య ఎడం) సంగతి తేల్చుకోండి. మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు. హెచ్ఓ కొలతలో, అంటే 1:87లో, అది 19.3 అవుతుంది. బజారులో దొరికే హెచ్ఓ ట్రాక్ 16.5 మాత్రమే. బండిని 1:87లో కడితే పట్టాలు ఇరుకుగా కనిపిస్తాయి. పట్టాలకు తగ్గట్టు కట్టాలంటే 1:102 కావాలి, అప్పుడు పక్కన పెట్టే హెచ్ఓ మనుషులూ ఇళ్లూ కాస్త పెద్దవవుతాయి. నేనైతే 1:87కే వెళ్తాను. రామచంద్రపురం, ద్రాక్షారామం ప్లాట్‌ఫారాలు, మనుషులు, కొబ్బరిచెట్లు ఒకే కొలతలో కుదురుతాయి. పక్కనుంచి చూసేవారికి పట్టాల ఇరుకు కంటపడదు. తయారుగా దొరికే రెండిరుసుల మోటారు అడుగు భాగం కొని, బండి పైభాగాన్ని త్రీడీ ప్రింట్ చేయించండి. గోడలు ఒక మిల్లీమీటరుకు మించకుండా చూసుకోండి, లేకపోతే డీకోడర్‌కు చోటు మిగలదు.