పొగ తిన్న ఊపిరితిత్తుల్లో ప్రోటీన్లు లెక్కపెట్టే ముందు

చి. మాధవికి,

అత్త ఆశీస్సులు. పొగ పీల్చిన ఎలుకల ఊపిరితిత్తుల్లో ప్రోటీన్లు ఎలా మారతాయో చూడటమే నీ పీహెచ్‌డీ అని తెలిసి సంతోషించాను. 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ భవనం అగ్నిప్రమాదంలో ఆరుగురు, 2025 మేలో హైదరాబాద్ గుల్జార్ హౌజ్ దగ్గర ఇంకో అగ్నిప్రమాదంలో 17 మంది పోయారు. ఎక్కువమందిని బలిగొన్నది పొగే. అక్కడికక్కడే ప్రాణం తీసేది కార్బన్ మోనాక్సైడ్, సైనైడ్. వాటిని తప్పించుకుని ఆసుపత్రికి చేరినవాళ్ళకి ఒకటి రెండు రోజులు గడిచాక ఊపిరితిత్తుల్లో నీరు చేరి, గాలి నాళాలు మూసుకుపోయి ఊపిరాడదు. నీ పని ఈ రెండో దశది.

మీ ల్యాబ్‌లో అందరికీ ఏ ప్రోటీన్ ఎంత పెరిగిందో, తగ్గిందో చుక్కలుగా చూపించే రంగురంగుల వల్కనో ప్లాట్ మీదే మోజు ఉంటుంది, నాకు తెలుసు. అది వేసే ముందు ప్రతి ప్రోటీన్‌నీ ఒకటే అడుగు: నువ్వు ఈ ఊపిరితిత్తిలో పుట్టావా, రక్తంలోంచి కారి వచ్చావా?

గాయమైన ఊపిరితిత్తి గోడ ముందు చేసే పని కారడం. ఆల్బుమిన్, ఫైబ్రినోజెన్, చివరికి అంత పెద్ద యాంటీబాడీ ఐజీఎం కూడా గాలితిత్తుల్లోకి వచ్చేస్తాయి. ఊపిరితిత్తిలోకి సెలైన్ పంపి వెనక్కి లాగిన బాల్ ద్రవంలో మొత్తం ప్రోటీన్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. చిక్కంతా ఇక్కడే. ఊరికే లెక్క కోసం అనుకో: మంచి ఎలుక ద్రవంలో మొత్తం 100 మైక్రోగ్రాములు, అందులో ఊపిరితిత్తే తయారుచేసుకునే సర్ఫాక్టంట్ ప్రోటీన్-ఏ 4. పొగ పీల్చిన ఎలుకలో మొత్తం 500, సర్ఫాక్టంట్ ప్రోటీన్-ఏ మాత్రం అదే 4. రెండిటి నుంచీ ఒక్కో మైక్రోగ్రాము తీసి, బరువుని బట్టి ప్రోటీన్లని గుర్తించే మాస్ స్పెక్ యంత్రంలో పెడితే అది ఐదు రెట్లు తగ్గిపోయినట్టు కనిపిస్తుంది. నిజానికి రవ్వంత కూడా తగ్గలేదు! సమానంగా లోడ్ చేశాం కదా అని ధీమాగా ఉంటే జరిగేది ఇదే. అందుకని ఫలితాన్ని మొత్తం ప్రోటీన్‌లో వాటాగానూ, ఊపిరితిత్తి లోపలి గోడ మీద పూతలా ఉండే ద్రవం మిల్లీలీటరుకి ఇంత అనీ రెండు విధాలా రాయి.

ఆ రెండోది తెలియాలంటే సెలైన్ ఎంత పలచన చేసిందో తెలియాలి. యూరియా రక్తంలోనూ ఆ పూతలోనూ దాదాపు ఒకే గాఢతలో ఉంటుంది. బాల్ ద్రవంలోనూ, అదే ఎలుక సీరంలోనూ యూరియా కొలిచి ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే పలచన ఎంతో తెలుస్తుంది. సెలైన్‌ని లోపల నిలవనివ్వకు, పంపిన వెంటనే లాగు. నిలిచినకొద్దీ రక్తంలోంచి యూరియా వచ్చి చేరుతుంది, గాయమైన దాంట్లో ఇంకా వేగంగా. తిరిగొచ్చిన ద్రవం ఎన్ని మిల్లీలీటర్లో ప్రతిసారీ రాసుకో. వెంటనే ఐస్ మీద పెట్టి, 4 డిగ్రీల దగ్గర నెమ్మదిగా తిప్పి కణాలు వేరుచెయ్యి. పైతేటని చిన్న చిన్న ట్యూబుల్లో మైనస్ 80లో దాచు.

కణజాలం తీసేటప్పుడు రక్తం ఇంకో విధంగా ముంచుతుంది. గుండె కుడి జఠరికలోంచి చల్లని సెలైన్ పంపి, ఎడమ కర్ణికకి చిన్న గంటు పెడితే మంచి ఊపిరితిత్తి నీ కళ్ళముందే గులాబీ రంగు వదిలి పాలలా తెల్లబడుతుంది. పొగ పీల్చింది అలా తెల్లబడదు. రక్తం కక్కిన చోట ఎర్రమచ్చలు ఉండిపోతాయి, ఎంత కడిగినా పోవు. ఆ ముక్కల్లో హీమోగ్లోబిన్ కొలిచి పక్కన రాసుకో. పొగ వల్ల 'పెరిగిన' ప్రోటీన్లలో ఎర్రకణాలవి ఎన్నో అప్పుడు బయటపడుతుంది.

ఇంకో సంగతి చాలామంది దాటేస్తారు. ప్రోటీన్ మోతాదు మారకుండానే పని పోవచ్చు. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు వదిలే, గోడలని కొరికే ఎంజైమ్ ఎలాస్టేజ్. దాన్ని అదుపులో పెట్టే ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్‌లో, మనిషిదైతే 358వ స్థానంలో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం ఉంది. అది ఆక్సీకరణ చెందితే చాలు, ఆ ప్రోటీన్ ఎలాస్టేజ్‌ని పట్టుకోలేదు. రక్తంలోంచి అది బోలెడంత కారి వచ్చిందని నీ పట్టిక చెబుతుంది, లోపల ఎలాస్టేజ్ మాత్రం గోడలు నమిలేస్తూ ఉండొచ్చు. ఎలాస్టేజ్‌ని ఎంత ఆపగలుగుతోందో విడిగా పరీక్షించు. గాలి తగిలినా మెథియోనిన్ ఆక్సీకరణ చెందుతుంది కాబట్టి కంట్రోల్ శాంపిళ్ళనీ అదే రోజు, అదే చేత్తో చెయ్యి. పత్తి, కట్టె కాలితే వచ్చే అక్రోలిన్ ప్రోటీన్లలోని సిస్టీన్, లైసిన్, హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాలకి అతుక్కుంటుంది. అలా పెరిగే 56 డాల్టన్ల బరువుని మాస్ స్పెక్ సాఫ్ట్‌వేర్‌కి నువ్వు చెప్పకపోతే ఆ పెప్టైడ్లు, అంటే ప్రోటీన్ ముక్కలు, దానికి కనబడవు.

అన్నట్టు, ఏం కాల్చావో రాయకుండా 'పొగ' అని వదిలెయ్యకు. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్, ఉన్ని, పాలీయురిథేన్ కాలితే సైనైడ్ వస్తాయి. టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌లో గొర్రెల మీద ఏళ్ళ తరబడి పని చేసినవాళ్ళు తేనెటీగలకి పొగ పెట్టే గొట్టంలో పత్తి తువ్వాళ్ళు కాల్చి, చల్లార్చిన పొగని కొలత ప్రకారం పంపేవాళ్ళు. నీ పెట్టెలో మూల నిలబడ్డ ఎలుక, మధ్యలో ఉన్న ఎలుక ఒకే మోతాదు పీల్చవు. బయటికి తీయగానే ఒక్కో దానికీ రక్తంలో కార్బాక్సీహీమోగ్లోబిన్, అంటే కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హీమోగ్లోబిన్, ఎంతో చూడు.

కాలం సంగతికొస్తే ఒక్క 24 గంటల శాంపిల్‌తో సరిపెట్టకు. 6, 24, 72 గంటలైనా ఉండాలి. మొదట కారడం, తర్వాత న్యూట్రోఫిల్స్ రావడం, ఆపైన మరమ్మతు మొదలవడం వేరు వేరు కథలు. ఫైబ్రిన్, మ్యూసిన్, చచ్చిన కణాలు కలిసి గాలి నాళాల్లో గడ్డకట్టిన కాస్ట్‌లు సెలైన్‌తో రావు. బాల్‌లో ఫైబ్రినోజెన్ తగ్గిందని సంబరపడేలోపు హిస్టాలజీలో, అంటే సూక్ష్మదర్శిని కింద కణజాలం ముక్కల్లో, ఆ నాళాలు చూడు. ఇందుకోసం ఒక ఊపిరితిత్తిని ముందే కట్టేసి కడక్కుండా ఉంచుకో.

చివరికి ఏది ముఖ్యమో తేల్చుకోవడానికి సీరం కూడా కావాలి. గోడ దెబ్బతింటే సర్ఫాక్టంట్ ప్రోటీన్-డీ ఊపిరితిత్తిలోంచి రక్తంలోకి కారుతుంది, అంటే ఆల్బుమిన్‌కి ఎదురు దిశలో. మొదటి రకం గాలితిత్తి కణాల గుర్తు అయిన రేజ్ అనే ప్రోటీన్ కూడా అంతే. రేపు మనుషుల్లో గొంతులోకి గొట్టం వేయకుండా చూడగలిగేవి ఇలాంటివే. కాబట్టి ఎథిక్స్ కమిటీకి పెట్టే ఫామ్ బిలో రక్తం తీయడం, 72 గంటల గ్రూపు, ఊపిరితిత్తి కట్టేయడం మూడూ ఇప్పుడే రాసెయ్యి. తర్వాత సవరణ పెట్టుకుంటే నెలల తరబడి తిప్పుతారు. పెట్టేముందు ఆ ఫారం నాకోసారి పంపు, చూసి పెడతాను.

మీ అమ్మానాన్నలని అడిగానని చెప్పు.

అత్త